అసెస్‌మెంట్‌కూ పక్కన కూర్చోవడానికీ సంబంధం ఏమిటి?

అడిగిన ప్రశ్న ఇది: ‘‘అసెస్ అనే ఇంగ్లీషు మాటకు లాటిన్‌లో పక్కన కూర్చోవడం అని అర్థమని మా అధ్యాపకుడు చెప్పారు. పన్ను లెక్కకూ కూర్చోవడానికీ ఏమిటి సంబంధం? సెస్సు కూడా అక్కడి నుంచే వచ్చిందా, లేక సెన్సస్ నుంచి వచ్చిందా? పరీక్షలకు మించి ఇది తెలుసుకుంటే ఉపయోగం ఏమైనా ఉందా?’’

మీ అధ్యాపకుడు చెప్పింది నిజం. సెస్సు కూడా అదే మాట నుంచి వచ్చింది, సెన్సస్‌ది వేరే వంశం. ఇక ఉపయోగం సంగతి. ఆదాయపన్ను కేసులు చాలాకాలంగా చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ఉపయోగం తప్పకుండా ఉంది. అసెస్‌మెంట్ అంటే వసూలు అనుకునేవారు నోటీసు అందగానే హడలిపోయి అడిగినంతా కట్టేస్తారు. అది విచారించి చేసే నిర్ణయం అని తెలిసినవారు తమ కాగితాలు చూపించి తమ మాట చెప్పుకుంటారు. ఆ తేడా ఈ మాట పుట్టుకలోనే ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మాట నిర్మాణం చూద్దాం. లాటిన్‌లో ‘సెదేరె’ అంటే కూర్చోవడం. ‘ఆద్’ అనే ఉపసర్గకు దగ్గర, వైపు అని అర్థం. రెండూ కలిస్తే ‘అద్సిదేరె’. ఉత్, లాసం కలిసి ఉల్లాసం అయినట్టే ఇక్కడా దకారం సకారంలో కలిసిపోయి ‘అస్సిదేరె’ అయింది. ఈ ధాతువు మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ‘సద్’, లాటిన్‌లోని ‘సెద్’ ఒకే మూలం నుంచి చీలినవని భాషాశాస్త్రం ఏనాడో తేల్చింది. సదస్సు, పరిషత్తు, సభాసదుడు, అన్నింటిలోనూ ఉన్నది ఆ కూర్చోవడమే. ఇంకా చక్కటి పోలిక ఉపనిషత్తు. ‘ఉప’ అంటే దగ్గర, ‘సద్’ అంటే కూర్చోవడం. అంటే ఉపనిషత్తు, అసెస్‌మెంట్ దాదాపు ఒకే పద్ధతిలో, ఒకే ధాతువుతో తయారైన మాటలు. శిష్యుడు గురువు దగ్గర కూర్చున్నాడు. మరి రోములో ఎవరు ఎవరి దగ్గర కూర్చున్నారు?

న్యాయాధికారి దగ్గర న్యాయశాస్త్రం తెలిసినవాడు కూర్చున్నాడు. రోమన్ వ్యవస్థలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లేవాడికీ, తగాదాలు విచారించే అధికారికీ చట్టం చదివి ఉండాలనే నియమం లేదు. సైన్యాన్ని నడిపినవాడో, రాజకీయంగా పైకి వచ్చినవాడో ఆ పీఠం ఎక్కేవాడు. చట్టం తెలిసిన పండితుడు అతని పక్కన ఆసనం వేసుకుని సలహా చెప్పేవాడు. అతడే ‘అస్సెస్సోర్’. ఆజ్ఞ పెద్ద అధికారి పేరుతో వెలువడేది, దాని వెనక ఆలోచన మాత్రం పక్కవాడిది. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన డైజెస్టు అనే న్యాయ సంకలనంలో మొదటి భాగం, 22వ శీర్షిక మొత్తం ఈ పక్క ఆసనం వాడి విధుల గురించే. పౌలుస్ అనే న్యాయవేత్త అక్కడ అతని పనులను వరసగా చెబుతాడు: విచారణలు, దరఖాస్తులు, అర్జీలు, శాసనాలు, తీర్పులు, లేఖలు. గమనించండి, ఆ వరసలో పన్ను అనే మాటే లేదు. అప్పటికి అస్సెస్సోర్ అంటే పూర్తిగా న్యాయ విచారణకు చెందిన మనిషి.

ఇది రోముకే ప్రత్యేకమైన ఏర్పాటు కూడా కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో, రాజు స్వయంగా వ్యవహారాలు చూడలేనప్పుడు విద్వాంసుడైన బ్రాహ్మణుణ్ని నియమించాలనీ, అతడు ముగ్గురు సభ్యులతో కూడి విచారణ జరపాలనీ ఉంది. ఒంటరిగా కూర్చుని తీర్పు చెప్పేవాడి మీద రెండు నాగరికతలకూ పూర్తి నమ్మకం లేదన్నమాట.

పక్క ఆసనం ఖజానా దాకా ఎలా వచ్చిందో చూపించే ఒక మంచి సాక్ష్యం నాలుగో శతాబ్దం చివరి నాటిది. సెయింట్ అగస్టీన్ తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’ ఆరో భాగంలో మిత్రుడు అలిపియస్ గురించి రాశాడు. అలిపియస్ న్యాయం చదివి, రోములో ఇటలీ ఖజానా వ్యవహారాలు చూసే కౌంటు అనే పెద్ద అధికారికి అస్సెస్సోర్‌గా పనిచేశాడు. అగస్టీన్ అక్కడ వాడిన క్రియ మనం మాట్లాడుకుంటున్న ‘అస్సిదేరె’యే. ఆ రోజుల్లో ఒక సెనేటరు ఉండేవాడు. ఎందరినో ఉపకారాలతో కట్టిపడేసినవాడు, ఇంకెందరినో భయంతో లొంగదీసుకున్నవాడు. చట్టం ఒప్పుకోని పని ఒకటి తన పలుకుబడితో చేయించుకోవాలని వచ్చాడు. అలిపియస్ కాదన్నాడు. లంచం ఇస్తామన్నారు, నవ్వి ఊరుకున్నాడు. బెదిరించారు, లెక్కచేయలేదు. పైన కూర్చున్న అధికారికి కూడా ఆ పని చేయడం ఇష్టం లేదు, కానీ ఆ పెద్దమనిషి ముఖం మీద కాదనే ధైర్యం లేదు. అందుకని ‘నేను చేద్దామన్నా ఇతను చేయనివ్వడు’ అని నెపం పక్కవాడి మీదకు నెట్టాడు. అది నిజం కూడా. అలిపియస్‌కు కలిగిన ప్రలోభం ఒక్కటేనట, అధికారులకు దొరికే తక్కువ ధరకు పుస్తకాలు రాయించుకోవాలని. ఆలోచించి అదీ వద్దనుకున్నాడు.

నేను ఈ ఘట్టాన్ని కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి తరచూ చెబుతుంటాను. ఖజానాకు చెందినవాడై ఉండి కూడా ఖజానా వైపూ ఒరగకుండా, పెద్దవాడి వైపూ ఒరగకుండా చట్టం ఎంత చెబితే అంతే అనగలిగినవాడు అస్సెస్సోర్. ఇప్పటి అసెసింగ్ ఆఫీసరు నుంచి చట్టం ఆశించేది కూడా సరిగ్గా ఇదే.

ఆ తరువాత మధ్యయుగపు లాటిన్‌లో ‘అస్సెస్సారె’ అనే కొత్త క్రియ వచ్చింది. అర్థం, ఫలానావాడు ఇంత చెల్లించాలని నిర్ణయించడం. న్యాయాధికారి పక్కన కూర్చున్నవారి పనుల్లో జరిమానా ఎంతో, పన్ను ఎంతో తేల్చడం ముఖ్యమైనది కావడంతో, కూర్చోవడం అనే క్రియకే తేల్చడం అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లండు చరిత్రలో దీని నేపథ్యం బాగా కనబడుతుంది. 1188లో సుల్తాను సలాదీన్ మీద యుద్ధం కోసం ఆదాయంలో, చరాస్తుల్లో పదో వంతు అడిగినప్పుడు, ఎవరైనా తక్కువ చూపించారని అనుమానం వస్తే ఆ పారిష్‌లోని, అంటే ఒక చర్చి పరిధిలోని, నలుగురు లేదా ఆరుగురు నమ్మకస్తులు ప్రమాణం చేసి అతని వాటా తేల్చాలని నియమం పెట్టారు. 1215 నాటి మాగ్నా కార్టా 20వ నిబంధన కూడా, ఇరుగుపొరుగున ఉన్న నిజాయితీపరులు ప్రమాణం చేసి చెప్పకుండా జరిమానా వేయకూడదంది. ఎంత కట్టాలో చెప్పేది రాజుగారి వసూలుదారు కాదు, కూర్చుని విచారించినవారు. ఫ్రెంచి కలిసిన ఆనాటి న్యాయస్థానాల భాష మీదుగా అసెస్ అనే మాట 15వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక వస్తువునో మనిషినో అంచనా వేయడం అనే మామూలు అర్థం చాలా ఆలస్యంగా, పన్ను అర్థం నుంచే పుట్టింది. ఇప్పుడు బళ్లలో పిల్లల ‘అసెస్‌మెంట్’ అంటున్నామే, అది ఆ కొసన ఉన్న అర్థం.

ఈ కుటుంబంలోని మిగతావారిని మీకు తెలియకుండానే రోజూ పలుకుతున్నారు. సెషన్స్ కోర్టులోని సెషన్ ‘సెదేరె’ నుంచే వచ్చింది, న్యాయస్థానం కొలువుతీరడం అని. ఆ సెషన్స్ కోర్టుల్లో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కొన్ని కేసుల విచారణకు జడ్జి పక్కన నిజంగానే అసెసర్లు కూర్చునేవారు. వారి అభిప్రాయం జడ్జి వినాలి, కట్టుబడనక్కరలేదు. 1955లో సవరణ చట్టం వచ్చి ఆ పద్ధతిని తీసేసింది. ఇంగ్లండులో అసైజు అనే న్యాయసభ ఉండేది, అదీ ఇదే ధాతువు. ఆ సభలు రొట్టె బరువు, బీరు కొలత, చెల్లించాల్సిన మొత్తం వంటివి ఖరారు చేస్తూ ఆజ్ఞలు ఇచ్చేవి. అసైజు అనే మాటలో మొదటి అక్షరం రాలిపోతే మిగిలినది సైజు. చెప్పుల దుకాణంలో మనం అడిగే సైజు ఒకప్పుడు చెల్లింపు ఇంత అని ఖరారు చేసిన ఆజ్ఞ పేరు!

ఒక్క జాగ్రత్త. అసెట్స్ అనే మాట చూడటానికి దగ్గరగా ఉంది కదా అని దీనితో కలపకండి. అది ‘ఆద్ సతిస్’ నుంచి వచ్చింది, చాలినంత అని అర్థం. చనిపోయినవారి అప్పులు తీర్చడానికి చాలినంత ఆస్తి అనే న్యాయస్థానపు వాడుక నుంచి అది వ్యాపించింది. పరీక్షల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిన జవాబులు నేను చూశాను.

ఇప్పుడు సెన్సస్. మీ సందేహానికి కారణం ఉంది, ఎందుకంటే రోమన్లు పన్ను కోసం ఆస్తి లెక్కగట్టడాన్ని పిలిచిన అసలు పేరు అదే. ‘కెన్సేరె’ అంటే విలువ కట్టడం, అభిప్రాయం తెలపడం. రోమన్ పౌరుడు సెన్సర్లు అనే అధికారుల ఎదుట ప్రమాణం చేసి తన కుటుంబాన్నీ, ఆస్తినీ చెప్పాలి. ఆ లెక్క మీదే ‘త్రిబూతుమ్’ అనే పన్ను, సైన్యంలో స్థానం, ఓటు వేసే వర్గం అన్నీ ఆధారపడేవి. క్రీస్తుపూర్వం 167లో మాసిడోనియాను గెలిచి తెచ్చిన సంపదతో ఆ పన్ను రోమన్ పౌరులకు నిలిపివేశారు. అధీన రాష్ట్రాల జనానికి మాత్రం లెక్క తప్పలేదు. తెలుగు బైబిలులో లూకా సువార్త రెండో అధ్యాయంలో ‘ప్రజాసంఖ్య’ అని ఉంటుంది. అందులో పేరున్న కురేనియు క్రీస్తుశకం 6లో యూదయలో జరిపించిన లెక్కింపు తలలు లెక్కపెట్టడం మాత్రమే కాదు, పన్ను కోసం ఆస్తి నమోదు. జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు అది స్పష్టంగా చెప్పాడు, దానిపై తిరుగుబాటు రేగిందనీ చెప్పాడు. కాలక్రమంలో సెన్సస్ జనాభా లెక్కకు పరిమితమైంది. పన్ను లెక్క పక్క ఆసనం వాడి మాటకు వెళ్లిపోయింది.

సెస్సు పుట్టుక సులభం. అసెస్ లోని మొదటి అక్షరం ఊడిపోగా మిగిలిన మాట. మొదట ఇంగ్లీషులో దాన్ని ‘ఎస్’ అక్షరంతో రాసేవారు. తరువాత ‘సి’ అక్షరం వచ్చి చేరింది. సెన్సస్‌తో చుట్టరికం ఉందని చాలామంది అనుకోవడానికి ఆ అక్షరమే కారణం. ఐర్లండులో, స్కాట్లండులో స్థానిక పన్నుకూ భూమి పన్నుకూ ఈ పేరు నిలిచింది. ఇండియాలో కంపెనీవారు భూమి శిస్తుపైన అదనంగా పడే రుసుములను ఈ పేరుతో పిలిచారు. ఇంగ్లండులో మాట మరుగున పడిపోయినా మన దగ్గర మాత్రం దినదినాభివృద్ధి చెందింది. 2004లో 2 శాతం విద్యా సెస్సు, 2018 నుంచి 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు, 2017లో జీఎస్టీతో పాటు పరిహార సెస్సు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం నిర్దిష్ట ప్రయోజనం కోసం కేంద్రం వేసే సెస్సు రాష్ట్రాలకు పంచే మొత్తంలోకి రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా చాలా రాష్ట్రాలు సెస్సులు పెరుగుతున్నాయని మొరపెట్టుకునేది ఇందుకే. ఆ మొర న్యాయమైనదే అని నా అభిప్రాయం. ఒక పనికని వసూలు చేసిన డబ్బు ఆ పనికే ఖర్చయిందా లేదా అన్నది ఏటేటా ప్రజలకు తెలియాలి.

మన భూమి కాగితాల్లో ఈ లాటిన్ మాట ఎంత లోతుగా దిగిందో చాలామందికి తెలియదు. కోస్తా జిల్లాల్లో రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు తీసి చూడండి, కొన్ని సర్వే నంబర్లకు ఎదురుగా ‘ఏడబ్ల్యూడీ’ అని ఉంటుంది. అసెస్డ్ వేస్ట్ డ్రై. శిస్తు నిర్ణయించారు గానీ ఎవరికీ పట్టా లేని మెట్ట భూమి అని. అలాంటి భూమిని కొనబోయి చిక్కుల్లో పడినవారు నా దగ్గరికి వస్తుంటారు. శిస్తు నిర్ణయించడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. పురపాలక సంఘం ఇచ్చే ఇంటి పన్ను రసీదు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరుకు కూడా ఇదే వర్తిస్తుంది, అది యాజమాన్యానికి రుజువు కాదు. ఇక ‘నాలా’ అనే మాట రెండు రాష్ట్రాల్లోనూ స్థలం కొనే ప్రతివారి నోటా ఉంటుంది. కాలువ అనుకునేవారూ ఉన్నారు. అది 1963 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయేతర భూముల అసెస్‌మెంట్ చట్టం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు. చివరి అక్షరం అసెస్‌మెంట్. 2006లో ఆ చట్టం పోయి భూ వినియోగ మార్పిడి చట్టం వచ్చినా, జనం నోట నాలా పోలేదు.

కూర్చుని తేల్చడం అనే అసలు భావం మన జమాబందీలో చక్కగా కనబడేది. రైత్వారీ గ్రామాల్లో ఏటా ఒకసారి పై అధికారి మకాం వేసి, కరణాలను పిలిపించి, అడంగళ్లు, చిఠ్ఠాలు ముందు పెట్టించుకుని, ఎక్కడ పంట పోయింది, ఎవరికి రెమిషన్, అంటే శిస్తు తగ్గింపు, ఇవ్వాలి, ఈ ఏడు శిస్తు ఎంత అని ఖరారు చేసేవారు. భూమి రేటు అంతకుముందే నేల తరాన్ని బట్టి స్థిరపడి ఉండేది. ఆ ఏటి బాకీ తేల్చడానికి మాత్రం మనిషి కూర్చోవలసిందే.

ఇప్పుడు చట్టంలో దీని ఫలితం చూద్దాం. 1961 ఆదాయపన్ను చట్టం రెండో సెక్షన్‌లో అసెస్‌మెంట్‌కు ఇచ్చిన నిర్వచనం, అందులో రీఅసెస్‌మెంట్ కూడా చేరుతుంది అని మాత్రమే. అసలు అర్థం చెప్పలేదు. అందుకే న్యాయస్థానాలు చెప్పాల్సి వచ్చింది. 1926లో విట్నీ కేసులో బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ డునెడిన్ పన్ను విధింపును మూడు దశలుగా విడదీశారు: బాధ్యత ఏర్పడటం, అసెస్‌మెంట్, వసూలు. బాధ్యత చట్టం వల్లనే ఏర్పడుతుంది. దాన్ని ఒక మనిషి విషయంలో కచ్చితమైన మొత్తంగా తేల్చేది అసెస్‌మెంట్. 1938లో ఖేమ్‌చంద్ రామ్‌దాస్ కేసులో, అప్పట్లో మన చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్, ఈ మాట ఒకచోట ఆదాయం లెక్కింపు అనీ, ఇంకోచోట పన్ను నిర్ణయం అనీ, మరోచోట మొత్తం ప్రక్రియ అనీ అర్థమిస్తుందని చెప్పింది. మీరు ఏ సెక్షన్ చదువుతున్నా ఈ మూడింటిలో ఏదో ముందు చూసుకోండి.

తేల్చేవాడికి మనసుపెట్టి ఆలోచించే బాధ్యత ఉంది. 1954లో ఢాకేశ్వరి కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు, అధికారికి సాక్ష్య చట్టపు సాంకేతిక నియమాలు అడ్డురావు గానీ, ఆధారం లేకుండా వట్టి అనుమానం మీద పన్ను వేయకూడదని గట్టిగా చెప్పింది. ఇక 2007లో రాజేశ్ ఝవేరీ స్టాక్ బ్రోకర్స్ కేసు. రిటర్ను వేశాక 143(1) సెక్షన్ కింద వచ్చే ఇంటిమేషన్ అసెస్‌మెంట్ కాదని అందులో తేలింది. కారణం చూడండి: అక్కడ ఎవరూ విచారించలేదు, అభిప్రాయం ఏర్పరచుకోలేదు. 143(2) నోటీసు ఇచ్చి, వివరణ తీసుకుని, 143(3) కింద ఇచ్చేది అసెస్‌మెంట్ ఆర్డరు. ఇంటిమేషన్ వచ్చింది కదా, ఇక మన ఫైలు మూసేశారు అని ధైర్యంగా ఉండేవారు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి.

వినడం వల్ల ఏమి మారుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మిర్చి వ్యాపారి ఖాతాల్లో కొన్న బరువుకూ అమ్మిన బరువుకూ తేడా ఉంది. కాగితం మీద చూస్తే ఆ తేడా అంతా లెక్కలో చూపని అమ్మకమే. ఆయన కోల్డ్ స్టోరేజీ రసీదులు, కాటా చీటీలు తెచ్చి, తేమ ఆరితే టిక్కీ (మిర్చి బస్తా) ఎంత తరుగు పోతుందో, తాలు కాయ ఏరేస్తే ఎంత పోతుందో లాటు లాటుకీ వివరించారు. అధికారి ఓపికగా విన్నారు, రెండు లాట్లకు అడ్డు ప్రశ్నలు వేశారు, సమాధానం లేని ఒక లాటు మీద మాత్రం ఆదాయం కలిపి మిగతాది వదిలేశారు. వ్యాపారి ఆ ఆర్డరు మీద అప్పీలుకు వెళ్లలేదు. అది సరైన అసెస్‌మెంట్.

2020 ఆగస్టులో ఫేస్‌లెస్ విధానం వచ్చాక అధికారి ఎవరో, ఏ ఊళ్లో ఉన్నాడో మనకు తెలియదు. సిఫార్సులు, లంచాలు తగ్గడానికి అది మంచి మార్గమే, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ తరుగు సంగతి తెలియని అధికారికి ఎక్కడో కూర్చుని పోర్టల్‌లో నాలుగు లైన్లు చదివితే అర్థం కాదు. అందుకే 144బి సెక్షన్‌లో వీడియో ద్వారా విచారణ కోరే అవకాశం ఉంది. వాస్తవాలు చిక్కుగా ఉన్న ప్రతి కేసులోనూ దాన్ని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే తరువాత అప్పీలులో ‘నా మాట వినలేదు’ అనడానికి బలం ఉండదు.

మీరు పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి ఒక్క మార్పు గుర్తుంచుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపన్ను చట్టంలో అసెస్‌మెంట్ అనే మాట ఉంది గానీ, అసెస్‌మెంట్ ఇయర్ అనే పదబంధం పోయి టాక్స్ ఇయర్ వచ్చింది. 2025-26లో సంపాదించిన ఆదాయానికి పాత చట్టం ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఆ మరుసటి ఏడాది ఆదాయానికి కొత్త చట్టం ప్రకారం టాక్స్ ఇయర్ కూడా 2026-27. అంకెలు ఒకటే, ఏడాదులు వేరు. జవాబు రాసేటప్పుడే కాదు, ఇంట్లో ఎవరికైనా చలానా కట్టిపెట్టేటప్పుడు కూడా ఏది ఎంచుకుంటున్నారో రెండుసార్లు చూసుకోండి.